పని పంచుకున్నవారికి నిర్ణయంలోనూ చోటు

(ప్రసంగ పాఠం)





మన సంస్థల భారాన్ని ఎవరు మోస్తున్నారు? ఆ సంస్థల నిర్ణయాలు ఎవరు చేస్తున్నారు? ఈ రెండు ప్రశ్నలనూ పక్కపక్కన పెట్టి ఆలోచించమని మేము ఈ సభను కోరుతున్నాము.

మన ఊళ్లలో ఏ సంస్థను చూసినా ఒక సంగతి స్పష్టంగా కనబడుతుంది. రంజాన్ నెలలో ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ పరిచేది పిల్లలు. చందా రసీదు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది పిల్లలు. స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ఓటరు జాబితాలో పేర్ల నమోదు, ఆధార్ సవరణలు, రక్తదానం, ఖబరస్తాన్‌లో ఏర్పాట్లు, వరదలు వచ్చినప్పుడు అన్నం పొట్లాల పంపిణీ, ఇవన్నీ చాలావరకు పదిహేను నుంచి పాతికేళ్ల వయసువారి చేతుల మీదుగానే నడుస్తున్నాయి. ఇషా నమాజ్ అయిన తరువాత కమిటీ కూర్చుంటుంది. ఆ కూర్చునేవారిలో మాత్రం వీరు ఉండరు. ఏమి నిర్ణయమైందో మరునాడు వీరికి తెలుస్తుంది; ఒక్కొక్కసారి అదీ తెలియదు.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కష్టకాలంలో సంస్థను నిలబెట్టిన పెద్దలకు దాని మీద మమకారం ఎక్కువ. అనుభవం లేనివారి చేతిలో పడితే ఏమవుతుందోనన్న భయమూ సహజమే. అయితే ఆ మమకారమే ఈనాడు మరొక భయాన్ని మన ముందుంచాలి. పని మాత్రమే అప్పగించి మాట ఇవ్వని చోట చురుకైన పిల్లలు ఎంతోకాలం నిలవరు. నాలుగేళ్లు సేవ చేస్తారు. ఆ తరువాత ఉద్యోగమనో, చదువనో పక్కకు తప్పుకుంటారు. పిలిచినా రారు. అరవై ఏళ్లవారు డెబ్బై ఏళ్లవారికి పగ్గాలు అప్పగించే సంస్థ ఎన్నాళ్లు బతుకుతుంది?

మేము చెప్పదలచినది ఒక్క మాటలో ఇది: ఒక నిర్ణయపు ఫలితం ఎవరి జీవితం మీద పడుతుందో, ఆ నిర్ణయం జరిగే చోట వారికి కూర్చునే హక్కు, మాట్లాడే హక్కు, వయసు వచ్చినవారికి ఓటు హక్కు ఉండాలి.

మైనారిటీ సమాజానికి ఈ మాట మరింత వర్తిస్తుంది. మూడు ఉదాహరణలు మనవి చేస్తాము.

మొదటిది వక్ఫ్ ఆస్తుల సంగతి. 2013 సవరణ తరువాత వక్ఫ్ చట్టం విద్య, వైద్యం, వాణిజ్యం వంటి అవసరాలకు ప్రభుత్వ అనుమతితో ముప్పై ఏళ్ల వరకు లీజుకు వీలు కల్పించింది. ఈరోజు పదిహేడేళ్లున్న యువకుడికి అటువంటి లీజు ముగిసేనాటికి నలభై ఏడేళ్లు వస్తాయి. సంతకం చేసినవారిలో ఎందరు అప్పటికి జవాబు చెప్పడానికి ఉంటారు? ఆ లాభమో నష్టమో మోసేది ఈనాటి పిల్లలే. 2025లో వక్ఫ్ వివరాలను ఉమీద్ పోర్టల్‌లో నమోదు చేయవలసి వచ్చింది. అటువంటి పని వచ్చినప్పుడు కంప్యూటరు ముందు కూర్చోబెట్టడానికి మనకు మొదట గుర్తొచ్చేదీ వారే. పత్రాలు ఎక్కించడానికి పనికొచ్చినవారు ఆ పత్రాలలో ఏముందో చర్చించడానికి ఎందుకు పనికిరారు?

రెండవది నిరసనల సంగతి. ప్రదర్శన జరపాలని కమిటీ నిర్ణయిస్తుంది. ముందు వరుసలో నడిచేది కళాశాల విద్యార్థులు. కేసు నమోదైతే పాస్‌పోర్టు విచారణలోనూ, ఉద్యోగానికి ముందు జరిగే పోలీసు విచారణలోనూ దాని నీడ పడేది వారి మీదనే. ఆ ప్రమాదాన్ని భరించవలసినవారిని అడగకుండా కార్యక్రమం నిర్ణయించడం న్యాయం కాదు. అడిగితే వారు వెనకాడతారని అనుకోనక్కరలేదు. అనుమతి తీసుకున్నారా, న్యాయవాదితో మాట్లాడారా, పద్దెనిమిదేళ్లు నిండనివారిని ఇంటి దగ్గరే ఉంచుతున్నారా అని అడుగుతారు. అవి అడగవలసిన ప్రశ్నలే.

మూడవది ఆడపిల్లల సంగతి. ఒక సంస్థ ఆడపిల్లల కోసం కొంత సొమ్ము కేటాయించిందనుకుందాం. కమిటీలో ఉన్న పెద్దలు మంచి మనసుతోనే కుట్టుమిషన్లు కొందామంటారు. ఆ పిల్లలనే పిలిచి అడిగితే, ఇంటర్ తరువాత చదువు ఆగిపోతున్నది కళాశాల దూరమై, సాయంత్రం తరగతి ముగిసేసరికి బస్సు లేక అని చెప్పవచ్చు. అప్పుడు అదే సొమ్ము నలుగురైదుగురు కలిసి వెళ్లే ఆటోకు నెలవారీ కిరాయి అవుతుంది. కుట్టుమిషను చెడ్డదని కాదు. అవసరం తెలిసినవారు గది బయట ఉన్నప్పుడు గదిలో జరిగే మేలు గురి తప్పుతుంది.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన అని కొందరు పెద్దలు అనవచ్చు. మన చరిత్ర వేరే విధంగా చెబుతున్నది.

సహీహ్ హదీసులలో ఒక ఉదంతం ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) వారికి పానీయం తెచ్చి ఇచ్చారు. ఆయన కుడివైపున ఒక బాలుడు, ఎడమవైపున పెద్దలు ఉన్నారు. కుడివైపు వారికి ముందు ఇవ్వడం పద్ధతి. పెద్దలకు ముందుగా ఇవ్వనా అని ప్రవక్త (స) ఆ బాలుని అనుమతి అడిగారు. తన వంతు వదులుకోనని బాలుడు చెప్పాడు. ఆయన కోపగించలేదు, మందలించలేదు. పాత్రను ఆ బాలుని చేతికే ఇచ్చారు. పెద్దల గౌరవం తగ్గలేదు, పిల్లవాని హక్కు పోలేదు. అడగడమంటే ఏమిటో ఇక్కడ నేర్చుకోవచ్చు. కాదనే స్వేచ్ఛ ఉన్నప్పుడే అది నిజంగా అడగడం.

హజ్రత్ ఉమర్ (రజి) తమ సలహా సభలో బద్ర్ యోధులైన వృద్ధులతోపాటు యువకుడైన ఇబ్న్ అబ్బాస్ (రజి)ను కూర్చోబెట్టేవారు. మాకూ ఇతని ఈడు కొడుకులున్నారే అని కొందరు ఆక్షేపించారు. హజ్రత్ ఉమర్ (రజి) ఒకనాడు అందరి ఎదుటా నస్ర్ సూరా అంతరార్థం అడిగారు. పెద్దలకు తట్టని అర్థాన్ని ఆ యువకుడు చెప్పాడు. వయసులో చిన్నవాడిని పక్కన కూర్చోబెట్టడమే కాక, అతడు ఎందుకు అక్కడ ఉన్నాడో పెద్దలకు తెలిసేలా చేసిన తీరు గమనించదగినది.

పిల్లల మాట విని నష్టపోతే ఎలాగన్న ప్రశ్నకు ఉహద్‌లో జవాబు ఉంది. క్రీ.శ. 625లో ఆ యుద్ధానికి ముందు మష్వరా జరిగింది. మదీనాలోనే ఉండి ఎదుర్కోవాలన్నది ప్రవక్త (స) వారి మొగ్గు. బద్ర్‌లో పాల్గొనే అవకాశం దొరకని పలువురు, ముఖ్యంగా యువకులు, బయటికి వెళ్లి పోరాడదామన్నారు. వారి కోరికను మన్నించి ఆయన కవచం ధరించారు. ఒత్తిడి చేశామేమోనని వారు వెనక్కి తగ్గబోయినా, ఒకసారి జరిగిన నిర్ణయాన్ని ఆయన మార్చలేదు. యుద్ధంలో సుమారు డెబ్బై మంది షహీదులయ్యారు. కొండ మీద కాపలా ఉంచిన విలుకాండ్రలో ఎక్కువమంది తమ చోటు విడిచి దిగడం ఆ నష్టానికి ముఖ్య కారణం. ఉహద్ తరువాత అవతరించిన ఆలి ఇమ్రాన్ సూరాలోని 159వ ఆయతు వారిని క్షమించమనీ, వ్యవహారాలలో వారితో సంప్రదింపులు జరపమనీ ఆదేశిస్తున్నది. ఇంత నష్టం జరిగాక కూడా సంప్రదింపు ఆగిపోలేదు, అది ఆదేశమైంది. ఒక్క ఇఫ్తార్ లెక్కలో తేడా వస్తే పిల్లలను కమిటీ నుంచి తప్పించేవారు ఈ వరుసను ఒకసారి తలచుకోవాలి.

మన దేశ చరిత్రలో దీనికి మంచి నిదర్శనం జామియా మిలియా ఇస్లామియా. సహాయ నిరాకరణ, ఖిలాఫత్ ఉద్యమాల రోజులలో అలీగఢ్ కళాశాలను విడిచి వచ్చిన విద్యార్థులు, అధ్యాపకులు, వారికి అండగా నిలిచిన పెద్దలు కలిసి 1920 అక్టోబరు 29న దానిని స్థాపించారు. ఆ యువకులలో జాకిర్ హుసేన్ ఒకరు. ఆయన 1897లో మన హైదరాబాదులో జన్మించారు. ఉద్యమాలు చల్లబడ్డాయి, విరాళాలు తగ్గిపోయాయి. 1925లో సంస్థను ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు తరలించారు. దానిని నడపాలా, మూసివేయాలా అన్న సందేహం ఆనాటి పెద్దలను బాధించింది. అప్పుడు జర్మనీలో చదువుతున్న ముగ్గురు స్నేహితులు, జాకిర్ హుసేన్, ఆబిద్ హుసేన్, ముహమ్మద్ ముజీబ్, తమ జీవితాలను జామియాకు ఇవ్వడానికి ముందుకు వచ్చారు.

ఇక్కడ పెద్దలు చేసిన పని చూడండి. ఆ యువకులను ఆఫీసులో గుమాస్తాలుగా పెట్టుకోలేదు. 1926లో ఇరవై తొమ్మిదేళ్ల జాకిర్ హుసేన్‌ను షేఖుల్ జామియాగా, అంటే ఉపకులపతిగా చేశారు. హకీమ్ అజ్మల్ ఖాన్, ఆ తరువాత డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ అమీరె జామియాగా పైన నిలిచి, తమ పలుకుబడిని, పరిచయాలను ఆ యువకులకు అండగా ఉంచారు. 1928లో అధ్యాపకులు ఒక సంఘంగా ఏర్పడి, నెలకు నూట యాభై రూపాయలకు మించని జీతంతో ఇరవై ఏళ్లు సేవ చేస్తామని ప్రతిన పూనారు. తాము నిర్ణయించే సంస్థ గనుకనే వారు అంత త్యాగానికి సిద్ధపడ్డారు. జామియా పాఠశాలలో చిన్నపిల్లలు తామే నడుపుకునే బ్యాంకు, దుకాణం కూడా ఉండేవి. 1988లో జామియా కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. 1967లో జాకిర్ హుసేన్ భారత రాష్ట్రపతి అయ్యారు. ఆనాటి పెద్దలు వీళ్లు ఇంకా పిల్లలేనని అనుకుని ఉంటే ఈ రెండూ జరిగేవా?

ఇక చట్టం సంగతి. 61వ రాజ్యాంగ సవరణతో 1989 నుంచి మన దేశంలో ఓటు వయసు ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి తగ్గింది. ప్రధానమంత్రిని నిర్ణయించే ఎన్నికలో ఓటు వేసే అమ్మాయికి మన విద్యా సంఘంలో ఓటు లేకపోవడం ఎలా సమర్థనీయం? పద్దెనిమిది నిండనివారు ఒప్పందాలు చేసుకోవడానికి 1872 నాటి కాంట్రాక్టు చట్టం అర్హత ఇవ్వదు. కాబట్టి వారు లీజుల మీద, చెక్కుల మీద సంతకాలు చేయరు. కాని సంతకం వేరు, అభిప్రాయం వేరు. బాలల హక్కులపై 1989 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికలోని 12వ అధికరణ, పిల్లలకు సంబంధించిన విషయాలలో వారి అభిప్రాయానికి వయసుకూ పరిణతికీ తగిన విలువ ఇవ్వాలంటుంది. భారతదేశం 1992లో ఆ ఒడంబడికను అంగీకరించింది. మన పొరుగున ఉన్న కర్ణాటకలో గ్రామ పంచాయతీలు పిల్లల గ్రామసభలు జరుపుతాయి. బడి పిల్లలు తమ ఊరి సమస్యలను అక్కడ పెద్దల ముందు ఉంచుతారు. గ్రామ పంచాయతీకి సాధ్యమైనది మన అంజుమన్‌కు సాధ్యం కాదా?

అయితే చోటు ఇవ్వడంలో కూడా తేడాలున్నాయి. రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యూనిసెఫ్ కోసం రాసిన రచనలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపాడు. అందులో కింది మూడు మెట్లు అసలు భాగస్వామ్యమే కాదన్నాడు. పెద్దలు తమ మాటను పిల్లల నోట పలికించడం ఒకటి. పిల్లలను అలంకారంగా నిలబెట్టడం రెండవది. పేరుకు ఒక కుర్చీ వేసి మాట్లాడే వీలు లేకుండా చేయడం మూడవది. ఈ మూడూ మనకు తెలియనివి కావు. వేదిక మీద బొకే అందించే అమ్మాయి, ఎవరో రాసిచ్చిన కాగితం చదివే అబ్బాయి, 'యువజన ప్రతినిధి' అన్న పేరుతో సదర్ సాబ్ గారి కుమారుడు, వీరిని మనం చూస్తూనే ఉన్నాము.

నిజమైన చోటు ఎలా ఉండాలో, ఆచరణలో పెట్టదగిన కొన్ని పద్ధతులు మనవి చేస్తాము.

ఒక్కరిని పెట్టవద్దు. పదకొండు మంది పెద్దల మధ్య ఒక్క యువకుడు నోరు విప్పలేడు. పదకొండులో కనీసం ముగ్గురు ఇరవై ఐదేళ్ల లోపువారు ఉండాలి. ఆ ముగ్గురిలో కనీసం ఒక్కరైనా అమ్మాయి ఉండాలి. వారిని కమిటీ నామినేట్ చేయడం కాక, ఆ వయసువారే సమావేశమై ఎన్నుకోవాలి.

కాగితాలు ముందుగా ఇవ్వాలి. చర్చించబోయే అంశాలు, జమాఖర్చుల వివరం, కిందటి తీర్మానాల నకలు వారం ముందే చేతికి రావాలి. అవి తెలుగులోనూ ఉండాలి. తెలుగు మాధ్యమంలో, ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన మన పిల్లలు చాలామంది ఉర్దూ మాట్లాడగలరు గాని చదవలేరు. చదవలేని కాగితం మీద అభిప్రాయం అడగడం అర్థం లేని పని.

మాట్లాడే వరుస మార్చాలి. సదర్ సాబ్ మొదటే తమ అభిప్రాయం చెప్పేస్తే, అదబ్ నేర్చిన పిల్లలు ఎదురు చెప్పరు, మౌనంగా తలూపుతారు. చిన్నవారు ముందు మాట్లాడి, సదర్ సాబ్ చివర మాట్లాడితే అదబ్‌కూ లోటు రాదు, అభిప్రాయమూ బయటికి వస్తుంది.

వేళ, చోటు ఆలోచించాలి. రాత్రి పది గంటలకు జరిగే సమావేశానికి అమ్మాయిలు రాలేరు. పరీక్షల నెలలో ఎవరూ రాలేరు. ఆదివారం పగటిపూట బడి గదిలోనో, షాదీఖానాలోనో కూర్చుంటే తల్లులు కూడా వస్తారు.

డబ్బు మీద మాట ఉండాలి. సంస్థ వార్షిక ఖర్చులో ఒక భాగాన్ని, పదో వంతు అయినా సరే, ఎలా వినియోగించాలో యువసభ్యులు నిర్ణయించాలి. రసీదులతో సహా సర్వసభ్య సమావేశం ముందు లెక్క అప్పగించాలి. లెక్క చెప్పవలసి వచ్చినప్పుడే బాధ్యత అలవడుతుంది. ఖజాంచీ సాబ్ పక్కన ఒక యువసభ్యురాలు ఏడాదిపాటు కూర్చుని ఖాతా పుస్తకం రాయడం నేర్చుకుంటే, సంస్థకు మరుసటి ఖజాంచీ తయారైనట్లే.

కాదన్నప్పుడు కారణం రాయాలి. యువకుల ప్రతిపాదన ప్రతిదీ ఆమోదం పొందనక్కరలేదు. తిరస్కరిస్తే ఎందుకో తీర్మానాల పుస్తకంలో నమోదు చేయాలి. కారణం తెలిసినవాడు మళ్లీ మెరుగైన ప్రతిపాదనతో వస్తాడు. తెలియనివాడు మళ్లీ రాడు.

పద్దెనిమిదేళ్ల లోపువారి విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. వారికి ఓటు లేని సలహా సంఘం ఉండవచ్చు. ఆ సంఘం అడిగిన ప్రతి ప్రశ్నకు కమిటీ జవాబు ఇవ్వాలి. వారితో సమావేశం జరిగేటప్పుడు కనీసం ఇద్దరు పెద్దలుండాలి. తల్లిదండ్రులకు ముందే తెలిసి ఉండాలి. వారి ఫోటోలను అడగకుండా ప్రచారంలో వాడకూడదు. ప్రమాదం ఉన్న ఏ కార్యక్రమంలోనూ వారిని ముందు నిలబెట్టకూడదు. చోటు ఇవ్వడమంటే పెద్దల బాధ్యతను వారి భుజాల మీదికి జార్చడం కాదు.

యువతీయువకులకు కూడా ఒక మాట. కుర్చీతోపాటు కొన్ని కట్టుబాట్లూ వస్తాయి. వేళకు రావాలి. కాగితాలు చదివి రావాలి. లోపల జరిగిన చర్చను బయటికి వచ్చేలోపే వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. మీ మాట నెగ్గకపోయినా, అందరూ కలిసి చేసిన నిర్ణయాన్ని మోయాలి. ఉహద్‌లో ప్రవక్త (స) తమ మొగ్గుకు భిన్నమైన నిర్ణయాన్ని మోసిన తీరు ఇందుకు ఆదర్శం.

పెద్దలకు చోటు తగ్గుతుందన్న శంక అక్కరలేదు. ఖబరస్తాన్ సరిహద్దు తగాదా ముప్పై ఏళ్ల కిందట ఎలా తీరిందో, ఏ దస్తావేజు ఏ పెట్టెలో ఉందో, పక్క బస్తీ హిందూ పెద్దలలో ఎవరితో మాట్లాడితే ఉద్రిక్తత చల్లారుతుందో తెలిసినది పెద్దలకే. ఆ జ్ఞానం ఏ పోర్టల్‌లోనూ లేదు. పిల్లలు పక్కన కూర్చుని నిర్ణయాలలో పాలుపంచుకున్నప్పుడే అది వారికి చేరుతుంది. లేకపోతే అది మనతోపాటే మట్టిలో కలిసిపోతుంది.

మరొక సంగతి. హక్కుల కోసం మనం ప్రభుత్వ కార్యాలయాలకు వెళ్లినప్పుడు అడిగేది ఏమిటి? మా గురించి నిర్ణయించే చోట మమ్మల్ని కూర్చోబెట్టండని, మా అభిప్రాయం వినకుండా చట్టాలు చేయవద్దని అడుగుతున్నాము. అది న్యాయమైన కోరిక. అదే కోరికను మన ఇంటి ఆడపిల్ల, మన మొహల్లా యువకుడు మనల్ని అడిగినప్పుడు మనం ఇచ్చే జవాబే ఆ కోరికకు బలమో బలహీనతో అవుతుంది.

కనుక ఈ సభకు వచ్చిన ప్రతి సంస్థను మేము మూడు పనులు కోరుతున్నాము. రాబోయే సర్వసభ్య సమావేశంలో నియమావళిని సవరించి యువసభ్యుల స్థానాలను రాతపూర్వకంగా నిర్ణయించండి. నోటిమాటగా ఇచ్చిన చోటు కమిటీ మారగానే పోతుంది. ఈ ఏటి జమాఖర్చుల పట్టికను తెలుగులో రాయించి, పదహారేళ్లు దాటిన ప్రతివారికీ చూపించండి. ఒక ఏడాది తరువాత, వారు చేసిన ప్రతిపాదనలు ఎన్ని, ఆమోదం పొందినవి ఎన్ని, కాదన్నవాటికి కారణాలేమిటి అన్న నివేదికను వారి చేతనే సభ ముందు చదివించండి.

ఆ నివేదికలో కొన్ని మాటలు మనకు నచ్చకపోవచ్చు. వినే ఓర్పును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. వస్సలాం.